దింక వెళ్ళని సీషెల్స్

మా దీవిలో, లుచిత్స ఊళ్ళో జూన్ నెల వచ్చిందంటే ఇల్లుగలవాళ్ళే తమ ఇల్లు ఖాళీ చేసి కిందికి దిగుతారు. మేడ మీది గదులు అద్దెకు దిగే అతిథులవి. వైన్ పీపాలు, ఆలివ్ నూనె డబ్బాలు, వలలు పెట్టుకునే కింది రాతిగదిని మేం కొనోబా అంటాం. వేసవంతా ఇంటివాళ్ళది అదే. దింక, యాక్ష దంపతులు పెళ్ళయిన రెండో ఏటి నుంచీ అలా దిగుతూనే ఉన్నారు. పరుపు చెరో కొస పట్టుకుని మెట్లు దిగేటప్పుడు యాక్ష ప్రతి ఏడూ ఒకే మాట అంటాడు. "పదవే, మన హోటలుకి." దింక ప్రతి ఏడూ నవ్వుతుంది. మొదటి పదేళ్ళూ నిజంగానే నవ్వింది.

మేడ మీద సముద్రం వైపున్న గది యాక్ష తండ్రి వాళ్ళ పెళ్ళికి కట్టించి ఇచ్చాడు. పెద్ద కిటికీ, కింద రేవు, ఎదురుగా నీళ్ళు. అంత మంచి గది కాబట్టే అందరి గదులకన్నా ముందు అద్దెకు పోయింది. చలికాలం మొగుడూ పెళ్ళాం అందులోనే పడుకుంటారు, కాదనను. కానీ అప్పుడు ఉత్తరం నుంచి బురా గాలి ఈడ్చి కొడుతుంటుంది, కిటికీ చెక్కలు బిగించి మధ్యలో గుడ్డపేలికలు కుక్కి ఉంటాయి. ఆ కిటికీ తెరుచుకుని పడుకోవలసిన రోజుల్లో మాత్రం అందులో గ్రాట్స్ అనే దూరపు ఊరి నుంచి ఏటా వచ్చే లోర్బర్ దంపతులు పడుకునేవారు.

దింక పొట్టి మనిషి, గట్టి మనిషి. ఎండలో దుప్పట్లు ఆరేసి ఆరేసి మోచేతుల దాకా నల్లబడింది. ఆమెకు వచ్చిన జర్మన్ అంతా పరుపులు, తువ్వాళ్ళు, ఉడికించిన గుడ్లు, రేపటి వాతావరణం గురించినదే. అతిథి ఏమడిగినా "తప్పకుండా" అనడం తప్ప ఇంకో జవాబు ఆమె నోట వచ్చినట్టు ఊళ్ళో ఎవరూ వినలేదు. అర్ధరాత్రి ఎవరో అతిథి వచ్చి ఇంకో తలగడ అడిగితే తన తల కింది తలగడకు గలీబు మార్చి ఇచ్చిన మనిషి. ఇది నేను కల్పించి చెప్పడం లేదు. ఆ వారమంతా యాక్ష కోటు చుట్టి తల కింద పెట్టుకుంది.

ఒక సెప్టెంబరులో, అతిథులు ఖాళీ చేసిన గది ఊడుస్తుంటే మంచం కింద ఒక జర్మన్ పత్రిక దొరికింది. వాళ్ళు ఇలాంటివి వదిలేసి పోతూనే ఉంటారు. సగం వాడిన లేపనాలు, తడిసిన నవలలు, ఒంటికాలి చెప్పు. దింక పత్రిక పారెయ్యబోతూ ఒక పేజీ దగ్గర ఆగింది. సీషెల్స్ దీవుల్లో ఏదో విడిది. ఆకుల కప్పు ఉన్న చిన్న ఇల్లు, ముందు అరుగు. అరుగు మీద దింక వయసు ఆడమనిషి కాలు మీద కాలేసుకుని కూర్చుంది. ఎవరో పళ్ళెంలో పళ్ళు తెచ్చిపెడుతున్నారు. వెనక తలుపు తీసి ఉంది, లోపల పక్క పరిచి ఉంది. దింక కొబ్బరిచెట్లు చూడలేదు, నీలంనీళ్ళు చూడలేదు. ఆ పక్కే చూసింది. దుప్పటి మడత ముడత లేకుండా బిగువుగా ఉంది. ఈ మడత వేసిన చెయ్యి ఎవరిదైనా కానీ, నాది కాదు కదా అనుకుంది. ఆ రోజు నుంచి ఆ దీవి ఆమెను పట్టుకుంది.

ఊరు ఊరుకుంటుందా? పక్కింట్లో ఉండే యాక్ష చెల్లెలు పెరిన అందరికన్నా ముందు అందుకుంది.

"సముద్రం మధ్యలో పుట్టి సముద్రం చూడ్డానికి పోతావా వదినా? ఇక్కడి నీళ్ళలో ఉప్పు తక్కువైందా?"

"సముద్రం కోసం కాదే, పక్క కోసం."

"పక్కా?"

"నేను పరవని పక్క. ఒక్క వారం."

"దానికంత దూరం ఎందుకు? మా ఇంట్లో పడుకో, నేను పరుస్తా."

"నువ్వు పరిస్తే నేను లేచి మళ్ళీ పరుచుకోవాలి" అంది దింక. పెరిన పకపకా నవ్వింది, ఎందుకంటే అది నిజం.

యాక్ష మాత్రం ఏళ్ళ తరబడి ఆ మాట చెవిలో వేసుకోలేదు. ఒక ఏడు పైకప్పు కారింది. ఒక ఏడు వాననీటి తొట్టి బీట వేసింది. ఇంకో ఏడు ఆలివ్ కాయలకు పురుగు పట్టింది. "దీవి నుంచి దీవికా? అక్కడి మనిషి ఇక్కడికొస్తే నవ్వి చస్తాడు" అనేవాడు. దింక గొడవ పెట్టుకునేది కాదు. ఆ పత్రిక పేజీ చింపి వంటింటి బీరువా తలుపుకి లోపలి వైపు అంటించుకుంది. ఉప్పు తియ్యడానికి బీరువా తెరిచినప్పుడల్లా ఆ ఆడమనిషి కాలు మీద కాలేసుకుని కనిపించేది.

తర్వాత ఒక జనవరిలో, గాలికి ఊరంతా తలుపులు బిగించుకున్న మధ్యాహ్నం, యాక్ష పొయ్యి దగ్గర వల బాగుచేసుకుంటూ తల ఎత్తకుండా అడిగాడు.

"ఎప్పుడు?"

"ఏమిటి ఎప్పుడు?"

"ఆ దీవికి. నవంబరు చివరికి కాయ కోయడం అయిపోతుంది, నూనె ఆడించడం అయిపోతుంది. అప్పుడైతే వస్తా."

దింక చేతిలో గిన్నె పక్కన పెట్టి వచ్చి ఎదురుగా కూర్చుంది. ఎందుకు మనసు మార్చుకున్నావని అడగలేదు. అడిగితే మళ్ళీ మారుతుందేమోనని భయం. తన పోరు పడలేక ఒప్పుకున్నాడనుకుంది, అంతకన్నా లోతుకి పోలేదు.

వారం తిరక్కుండానే ఫెర్రీ ఎక్కి అవతలి ఒడ్డున ఉన్న స్ప్లిట్ పట్నం వెళ్ళి, ప్రయాణాలు కుదిర్చే ఆఫీసులో కుర్చీ లాక్కుని కూర్చుంది. అక్కడి అమ్మాయి నవ్వుతూ ఏం కావాలో చెప్పమంది. దింక మొదలుపెట్టింది. గది నుంచి సముద్రం ఎంత దూరం? ఒడ్డున ఇసుకా, రాళ్ళా? నవంబరులో ఎండ ఉంటుందా? పొద్దున గుడ్లు ఇస్తారా? అడుగుతూ అడుగుతూ మధ్యలో తనకే నవ్వొచ్చి ఆగిపోయింది. ముప్పై ఏళ్ళుగా ఈ ప్రశ్నలకు జవాబులు చెప్పిందే గానీ ఒక్కసారీ అడిగిన పాపాన పోలేదు.

"దోమలున్నాయా?" అంది చివరికి.

"ఏవో కొద్దిగా, ఎక్కడో ఒకటి" అంది ఆ అమ్మాయి.

"అంటే బాగా ఉన్నాయన్నమాట. నేనూ అదే చెబుతాను" అంది దింక. ఇద్దరూ కడుపుబ్బ నవ్వుకున్నారు. ఆఫీసు బయటికొచ్చి ఒక బల్ల ముందు కూర్చుని, కాఫీ తెప్పించుకుని, అది చల్లారేదాకా తాగకుండా రోడ్డు మీద పోయేవాళ్ళను చూస్తూ కూర్చుంది. ఆ రోజు ఆమె ముఖం చూసినవాళ్ళెవరైనా ఆమెకేదో లాటరీ తగిలిందనుకుని ఉంటారు.

ఆ వేసవి పనంతా తేలిగ్గా గడిచింది. కొనోబాలో పీపాల పక్కన పరుపు వేసుకుంటూ, "నవంబరులో చూడు, ఏం గాలి, ఏం వెలుతురు" అనేది. యాక్ష ఊ కొట్టేవాడు. ఎవరూ చెప్పకుండానే స్ప్లిట్ బజారుకెళ్ళి తెల్ల నూలు ప్యాంటొకటి కొనుక్కొచ్చాడు. నీళ్ళలో చేపలు చూసే అద్దం ఒకటి కొన్నాడు. పుట్టిన దగ్గర్నుంచీ ఆ నీళ్ళలోనే మునిగిన మనిషికి అద్దమెందుకని పెరిన ఆటపట్టించింది. "అక్కడి చేపలు రంగురంగులుగా ఉంటాయట. చూసొచ్చి చెబుతాలే" అన్నాడు. దింక ఇదంతా తనను సంతోషపెట్టడానికే అనుకుని మురిసిపోయింది. ఆ ఏడు లోర్బర్ దంపతులు రాలేదు. మే నెలలో ముసలావిడ ఎర్నా పోయింది.

ఇక్కడ మా ఊరి పద్ధతి ఒకటి చెప్పాలి. మా దగ్గర అతిథులు రెండు రకాలు. ఒకసారి వచ్చి పోయేవాడు ఒకడు. ఏటేటా అదే వారానికి అదే గదిలో దిగేవాడు ఇంకొకడు. ఈ రెండోవాణ్ణి మేం అతిథి అనం, "మనవాడు" అంటాం. మన పిల్లల పెళ్ళికి వస్తాడు, మన ముసలివాళ్ళు పోతే పూలు పంపుతాడు. వాడికి గది లేదని చెప్పినా, వాణ్ణి పక్కింటికి పంపినా అంతకన్నా నామర్దా లేదు. వెనకటికి ఒకావిడ ఇంట్లో జబ్బు మనిషి ఉన్నాడని తన వియన్నావాళ్ళను ఒకే ఒక్క వేసవి పక్కింటికి పంపింది. వాళ్ళు మళ్ళీ ఆవిడ గడప తొక్కలేదు. ఆవిడ పోయి చాలా కాలమైనా, చర్చి మెట్ల మీద ఇప్పటికీ "అదిగో, ఆ వియన్నావాళ్ళను పోగొట్టుకున్నావిడ మనవరాలు" అంటారు. అంత పాడు ఊరు మాది.

అక్టోబరులో, వేసవి దుప్పట్ల చివరి మూట ఉతుకుతుంటే ఫోన్ మోగింది. లోర్బర్. గొంతు సగానికి సగం తగ్గిపోయింది.

"దింకగారూ, నవంబరు చివర ఎర్నా పుట్టినరోజు. ఆ రోజు ఈ ఇంట్లో ఒక్కణ్ణీ ఉండలేను. మన గదిలో కొన్నాళ్ళు ఉండొచ్చా?"

మన గది అన్నాడాయన. దింక కళ్ళలో నీళ్ళు తిరిగాయి. నోరు ఆమెకన్నా ముందే మాట్లాడేసింది. "రండి, తప్పకుండా రండి. గది సిద్ధంగా ఉంటుంది."

ఫోన్ పెట్టేశాక తేదీలు గుర్తొచ్చి నాలిక కరుచుకుంది.  తిరిగి ఫోన్ చేస్తే సరిపోయేది. ఆ వారం మేం ఊళ్ళో ఉండమండీ, తర్వాతి వారం రండి అంటే ముసలాయన ఏమీ అనుకునేవాడు కాదు. సబ్బు నీళ్ళు ఓడుతున్న చేతులతో అలాగే నిలబడింది గానీ చెయ్యలేదు.

పెరిన వింటూనే పరిగెత్తుకొచ్చింది.

"దీనికింత ఆలోచనేంటి? ఆయన్ను నా ఇంటికి పంపు."

"నా మనిషిని నీ ఇంటికా?"

"పోనీ నీ గదిలోనే దిగమను. తాళం చెవి నాకిచ్చి పో. కాఫీ నేను పెడతా, గుడ్లు నేను పెడతా."

"ఆయనకి గుడ్డు ఎంతసేపు ఉడకాలో నీకు తెలీదు."

"గుడ్డు కోసం సీషెల్స్ మానుకుంటావా, పిచ్చిదానా! నీ మనిషిని నేనేం కొరుక్కు తినను."

తినదని దింకకు తెలుసు. తెలిసినా ఒప్పుకోబుద్ధి కాలేదు. ముసలాయన మీద జాలి నిజమే. కానీ జాలి ఒక్కటే అయితే తాళం చెవి ఇచ్చి వెళ్ళేది. లోర్బర్ పెరిన చేతి కాఫీ తాగి బావుందంటాడేమో, చర్చి మెట్ల మీద తన పేరు కూడా నానుతుందేమో అన్న బెంగ జాలికన్నా పెద్దది. ఈ సంగతి ఆమె చాలా తర్వాత గానీ తనతో తాను ఒప్పుకోలేదు.

యాక్ష ఇంటి వెనక ఆలివ్ కాయలు పట్టే వలలు దులుపుతున్నాడు. దింక వెళ్ళి కాస్త దూరంలో నిలబడింది.

"లోర్బర్ వస్తున్నాడు."

"పాపం. ఎప్పుడూ?"

"నవంబరు చివర."

యాక్ష దులపడం ఆపాడు. "మన వారమా?"

"మన వారమే. ఒంటరివాడైపోయాడు యాక్షా. కాదనలేకపోయా. వచ్చే ఏడు వెళదాం. సీషెల్స్ ఎక్కడికి పోతుంది?"

"ఎక్కడికీ పోదు" అన్నాడు యాక్ష. "లోర్బర్ లోర్బరే మరి" అని మళ్ళీ వల అందుకున్నాడు.

అరవలేదు, సణగలేదు. దింక ప్రాణం కుదుటపడింది. ఎలాగూ నా బలవంతం మీద ఒప్పుకున్నవాడే, తప్పింది రా బాబూ అనుకుని ఉంటాడు అని తనకు తానే సర్దిచెప్పుకుంది. ఇన్నేళ్ళు కాపురం చేసిన మనిషి ముఖాన్ని తనకు అనుకూలంగా చదువుకుంది. ఆఫీసు అమ్మాయికి ఫోన్ చేసి రద్దు చేయించింది. కట్టిన అడ్వాన్సు పోయింది. దాని గురించి యాక్ష పల్లెత్తు మాట అనలేదు, ఆమె దాన్ని కూడా మంచికే లెక్కేసుకుంది.

తర్వాత గదికి కొత్త హీటరు తెప్పించింది. పరుపు మార్పించింది. కిటికీ సందులు మళ్ళీ కుక్కించింది. లోర్బర్‌కి ఇష్టమని అత్తిపళ్ళ రొట్టె చేసిపెట్టింది. అంతా అయ్యాక, రేపో ఎల్లుండో ఆయన దిగుతాడనగా మళ్ళీ ఫోన్ మోగింది. లోర్బర్ గొంతు ఈసారి కాస్త తేరుకుని ఉంది.

"దింకగారూ, మా అమ్మాయి ఈ చలిలో దీవికెందుకు అంటోంది. నన్ను వేడినీటి బుగ్గల ఊరికి తీసుకెళుతోంది. మీరేమీ శ్రమ పడలేదు కదా?"

"అబ్బే, ఏం శ్రమ? తప్పకుండా వెళ్ళిరండి" అంది దింక.

ఆయన తప్పు లేదు. అతిథి అంటేనే రాకపోవడానికి హక్కున్నవాడు. ఆ హక్కు తనకూ ఉందని దింకకు ఎన్నడూ తోచలేదు. సీషెల్స్‌లో ఉండవలసిన వారమంతా దక్షిణపు గాలి, వాన. ఇద్దరూ వంటింట్లో కూర్చుని బచ్చలి లాంటి ఆకు, బంగాళాదుంపలు ఉడకబెట్టుకుని తిన్నారు. దింక రోజూ పైకెళ్ళి, ఎవరూ లేని గదిలో హీటరు పక్కన కూర్చుని ఏడ్చింది. యాక్ష ఆ వారం ఊళ్ళోకి వెళ్ళలేదు. రొట్టె కొట్టుకి కూడా ఆమెనే పంపించాడు. వాన కదా అనుకుంది.

ఏడాది తిరిగింది. ఈసారి దింక ఎలాగైనా దిద్దుకోవాలని పట్టుపట్టింది. సెప్టెంబరులోనే అతిథులందరికీ, "ఈ చలికాలం మేం ఉండం" అని ముఖం మీదే చెప్పింది. మొదటిసారి చెప్పేటప్పుడు చెమటలు పట్టాయి, రెండోసారికి అలవాటయింది. లోర్బర్‌కీ చెప్పింది, ఆయన సంతోషించాడు. ఆఫీసు అమ్మాయితో మాట్లాడి అదే విడిది, అదే అరుగు ఉన్న ఇల్లు చూసిపెట్టమంది. అన్నీ సిద్ధం చేసుకుని, ఆలివ్ కాయలు కోసే మొదటి రోజు, చెట్టు కింద వల మీద రాలిన కాయలు ఏరుతూ యాక్షకు చెప్పింది.

యాక్ష నిచ్చెన మీద ఉన్నాడు. కాయలు రాల్చే దువ్వెనతో కొమ్మ దువ్వుతూనే ఉన్నాడు. కాయలు టపటపా రాలాయి.

"నువ్వు వెళ్ళిరా దింకా. పెరినను తీసుకెళ్ళు."

"పెరిన ఎందుకు? మనం కదా వెళ్ళాల్సింది."

"నాకింక వద్దే."

"కోపమొచ్చిందా? నిరుడు అన్నావు కాదేం?"

"కోపమేం లేదు." నిచ్చెన దిగొచ్చి, వల అంచున కూర్చుని టోపీ తీశాడు. "నేనెప్పుడైనా ఎవరికైనా ఫలానా చోటికి పోతున్నానని చెప్పానా? పోతే కదా చెప్పడానికి! నిరుడు చెప్పా. నూనె మిల్లులో చెప్పా, రేవులో చెప్పా, సెలూన్‌లో చెప్పా, ఫెర్రీలో టికెట్లు చింపేవాడిక్కూడా చెప్పా. చిన్నపిల్లాడిలా ఊరంతా టముకేసుకు తిరిగా. తర్వాత ఒక్కొక్కడే అడగడం, ఏరా యాక్షా, ప్రయాణమెప్పుడూ అని. పోవట్లేదురా అని ఒక్కొక్కడికీ చెప్పుకున్నా. వాళ్ళు నవ్వితే బావుండేది. నవ్వలేదు. భుజం తట్టి పోయారు. మళ్ళీ ఆ పని నా వల్ల కాదే."

 నిరుడు వానలో రొట్టె కొట్టుకి తననెందుకు పంపాడో దింకకు ఇప్పుడు తెలిసింది.

"నువ్వు నా కోసం ఒప్పుకున్నావనుకున్నా యాక్షా."

"మొదట నీ కోసమే. తర్వాత నాకే మనసైంది."

"ఏం మనసైంది?"

చెప్పడానికి సిగ్గుపడ్డాడు. అరవై దాటిన మనిషి, చేతిలో టోపీ అటూ ఇటూ తిప్పాడు. "వెచ్చటి రోజుల్లో, కిటికీ తెరుచుకుని నీ పక్కన పడుకోవాలని. పీపాల కంపు లేకుండా. తెల్లవారకముందే నువ్వు లేచి ఎవరి గుడ్లకో పరిగెత్తకుండా. పెళ్ళైన మొదటి వేసవి అలా పడుకున్నాం, గుర్తుందా? అంతే. దానికి సీషెల్సే కానక్కర్లేదు, కానీ ఇక్కడ కుదరదు కదా."

గుర్తుంది. ఆ ఒక్క వేసవే. దింక ఇన్నేళ్ళూ తన పక్క ఇంకెవరైనా పరిస్తే చాలని కలలు కంది గానీ, ఆ పక్కలో ఈయన ఏం కలలు కంటున్నాడో అడగలేదు. అడిగి ఉంటే తాళం చెవి పెరిన మొహాన కొట్టి వెళ్ళేది. చర్చి మెట్లు కూలిపోయినా వెళ్ళేది. ఆ మాటే ఆయనతో అనబోయి, వల మీది కాయలు బుట్టలోకి ఎత్తసాగింది.

"ఈసారి ఎవరు ఫోన్ చేసినా ఎత్తను" అంది చివరికి.

"ఎత్తుతావు" అన్నాడు యాక్ష, దెప్పిపొడుపు లేకుండా, ఉన్నమాట చెప్పినట్టు.

"అయితే సీషెల్స్ వద్దు. వచ్చే వేసవికి మన గది ఎవరికీ ఇవ్వను. పరుపు కిందికి దించం. మనమే పడుకుందాం, కిటికీ తీసుకుని. నిజంగా చెబుతున్నా యాక్షా, వచ్చే ఏడు తప్పకుండా."

యాక్ష ఆమె వైపు చూసి నవ్వాడు. మంచి నవ్వే, మర్యాదగా, తల కొంచెం వంచి. సామాను ఫెర్రీలో పెట్టించుకుంటూ "వచ్చే ఏడు తప్పకుండా వస్తాం" అనే అతిథులకు రేవు మీద నిలబడి ఆయన నవ్వే నవ్వు అది. దింక ఆ నవ్వును ముప్పై ఏళ్ళుగా ఎరుగును. తన వైపు తిరిగి అలా నవ్వడం మాత్రం అదే మొదటిసారి.